అన్న పడుకున్న తలుపు

మా బాపుకు ఒక మాట చెప్పిరమ్మని మా అన్న నన్ను పంపాడు. నేను వెళ్ళాను గానీ చెప్పలేదు. తిరిగివచ్చి చెప్పానన్నాను. చెబితే బాపు వినలేదని కూడా అన్నాను. జరిగింది ఇంతే. ఆ మాట ఇప్పుడు కాగితం మీద పెడితే రెండు వరుసలు కూడా నిండవు. అది చెప్పనందుకు మా అన్న లింబాద్రి కన్నతండ్రిని రాతిగుండె మనిషి అనుకుంటూనే ముసలితనం అంచుకు వచ్చాడు. మా చుట్టాల్లో ఇప్పటికీ బాపు ఊసు వస్తే, "కొడుకును పండవెట్టి పండవెట్టి గూనోన్ని చేసిండు" అంటారు. అలా అన్న ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను. పెళ్ళి పందిట్లోనో, దినం భోజనంలోనో విస్తరి ముందు తలవంచుకుని అన్నం కలుపుకుంటూ ఉన్నాను. బాపు అలాంటి మనిషి కాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇన్నాళ్ళకు నోరు విప్పడానికి కారణం మా అమ్మాయి మానస. నిజామాబాద్‌లో మాది మోటార్ల వైండింగ్ షాపు. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లకు పాత తీగ తీసేసి కొత్తగా రాగితీగ చుట్టి ఇస్తాం. షాపు మీదే ఇల్లు. మానస డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. కిందటి వానాకాలం నుంచి పిల్లకు పొద్దున మంచం దిగడానికి గంటలు పట్టేది. పదకొండు దాటేసరికి మామూలు మనిషై స్కూటీ వేసుకుని కాలేజీకి పోయేది. ఒకరోజు నాకు కోపం ఆగలేదు. గుమ్మంలో నిలబడి, "పొద్దుగాల పీనుగు, పగటీలి పులి. దోస్తుల దగ్గరికి పోయేటప్పుడు మాత్రం నడుము మంచిగైతది" అన్నాను.

ఆ పిల్ల మంచం పట్టె పట్టుకుని పక్కకు ఒరిగి, మోకాళ్ళు నేలకానించి లేస్తూ, "వేషాలేస్తలేను డాడీ. పండుకుంటెనే పట్టేస్తది. లేచి జరసేపు నడిస్తే ఇడుస్తది. నాకే సమజైతలేదు, నీకెట్ల చెప్పాలె?" అంది.

నేను షాపులోకి దిగిపోయాను. విప్పి పెట్టిన మోటారు ముందు కూర్చున్నాను. పీనుగు, పులి అన్న మాట నేను పుట్టించింది కాదు, మా బాపుది. పిల్ల చెప్పిన జవాబు మా అన్నది. మంచం దిగిన తీరు కూడా అన్నదే. నా నోట్లో బాపు, నా బిడ్డ నడుములో అన్న. మధ్యలో నేను, అప్పటిలాగే, అంతా తెలిసీ మాట్లాడకుండా.

మా ఊరు బోధన్ అవతల, మంజీర దిక్కు. ఆ రోజుల్లో ఎటు చూసినా చెరుకే. సీజన్ మొదలైందంటే ఊరి గాలి మారిపోయేది. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తే మాడిన బెల్లం, పులిసిన మడ్డి కలిసిన వాసన ఇంట్లోకి, పక్కబట్టల్లోకి, తాగే నీళ్ళలోకి కూడా దూరేది. మా అవ్వ, అంటే మా అమ్మ, నాలుగు గంటలకే లేచి వాకిట్లో కాగు కింద ఎండు చెరుకాకు మంట పెట్టేది. ఆ మంట చిటపటకే నాకు మెలకువ వచ్చేది. అన్నకు మెలకువ అంతకు ముందే వచ్చేది. మేమిద్దరం ఒకే గదిలో, పక్కపక్క నులక మంచాల మీద పడుకునేవాళ్ళం. చీకట్లో పళ్ళు కొరుకుతూ పక్కకు దొర్లడం, మంచం కోడు పట్టుకుని మోకాళ్ళ మీద దిగడం, గోడ పట్టుకుని ఒక్కో జాన లేవడం, ఇవన్నీ నేను దుప్పటి సందులోంచి చూసేవాణ్ణి. లేచాక అన్న ఇంట్లో నిలిచేవాడు కాదు. కాలువ గట్టు మీద ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేవాడు. వచ్చాక అవ్వ ఆయన వీపు మీద చెంబులతో వేడినీళ్ళు పోసేది. ఆ పొగలోంచి బయటికి వచ్చేసరికి అన్న నిటారుగా ఉండేవాడు. మధ్యాహ్నానికి ఊళ్ళో ఎవరూ ఎత్తనంత చెరుకు మోపు ఎత్తి బండి మీదికి విసిరేవాడు. ఇరవై ఏళ్ళవాడు, భుజాలు పలకల్లా ఉండేవి.

అదే ఆయన కొంప ముంచింది. ఎప్పుడూ కుంటుతూ ఉంటే రోగమని అందరూ నమ్మేవారు. తెల్లవారుజామున ఎడ్లు కట్టే వేళకు రాలేనివాడు పగటిపూట మోపులు ఎత్తితే, దాన్ని రోగమని రైతు ఇంట్లో ఎవరంటారు? బాపు ఎడ్ల మెడలో పలుపు సవరిస్తూ వాకిట్లోంచే అరిచేవాడు, "ఏమాయెరా లింబాద్రీ, పీనుగు లేసిందా? పులి అయ్యేదాక ఆగమంటవా?" పక్కింటి వాళ్ళు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే అందరికన్నా ముందు నేనే నవ్వేవాణ్ణి.

కానీ బాపు మాటలే అలా ఉండేవి. ఒకసారి అన్న కల్లంలో కూర్చున్నచోటు నుంచి లేవలేక అట్లాగే పక్కకు వాలిపోయాడు. ఆ రోజు బాపు ముఖం చూశాను. ఎడ్లలో ఒకటి కాలు విరగ్గొట్టుకున్ననాడు కూడా ఆయన అంత భయపడలేదు. వెంటనే బండి కట్టించి, సరిహద్దు అవతల నుంచి ఒక పహిల్వాన్‌ను తీసుకొచ్చాడు. విరిగిన ఎముకలు కట్టే వాళ్ళను మా వైపు పహిల్వాన్ అంటారు. చేయి విరిగినా, కాలు బెణికినా అందరికీ ఆయనే దిక్కు, ఆయన కట్టిన కట్టు తప్పిందని మా ఊళ్ళో ఎవరూ అనలేదు. ఆయన అన్న వెన్ను మీద వేళ్ళతో అటూ ఇటూ నొక్కి, చెరుకు మోపుల కింద వెన్నుపూస జరిగిందన్నాడు. విరిగిన ఎముకకు ఏం చేస్తారో అదే దీనికీ చెప్పాడు. మెత్తటి పక్క కూడదు, గట్టి చెక్క మీద వెల్లకిలా పడుకోవాలి, సీజన్ అయిపోయేదాకా లేవకూడదు. పోతూ పోతూ అన్న ఛాతీ మీద అరచేయి పెట్టి, "హలూ నకో బేటా, అజిబాత్ హలూ నకో" అన్నాడు. మరాఠీలో, కదలకు, అస్సలు కదలకు అని.

అంత పెద్ద చెక్క ఇంట్లో లేదు. బాపు పశువుల కొట్టానికి ఉన్న పాత టేకు తలుపు విప్పి, మా గదిలో ఇటుకల మీద పరిచాడు. తలుపుకు గొళ్ళెం అట్లాగే ఉంది. అది అన్న ఎడమచేయి పక్కకు వచ్చేది. పగలంతా పడుకుని ఆయన ఆ గొళ్ళేన్ని వేలితో లేపి వదిలేవాడు. టక్‌మని కొట్టుకునేది. మళ్ళీ లేపేవాడు. వాకిట్లో జొన్నరొట్టెలు కాలుస్తున్న అవ్వకు ఆ చప్పుడు వినబడేది. "తలుపు మీద పండుకున్నోడు తలుపు కొట్టుకుంటుండు, ఎవలు తీస్తరు బిడ్డా?" అని తనలో తాను అనుకునేది. రోజూ సాయంత్రం బాపు పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆముదంలో ఉడికించిన పసుపు ముద్దను తన చేత్తోనే అన్న నడుముకు పట్టించేవాడు. పసుపు మరకలు ఆయన గోళ్ళ నుంచి ఆ సీజనంతా పోలేదు. పట్టు వేస్తున్నంతసేపూ తండ్రీకొడుకులు ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు. "నన్ను కదలనియ్యి" అని అన్న అంటే, పని ఎగ్గొట్టి తిరగడానికేనని బాపు అనుకునేవాడు. ఇంకోసారి అంటే ఏడుపు ఆపుకోలేనని అన్న నోరు మూసుకునేవాడు.

ఇక నా సంగతి. అన్న తలుపు మీద పడుకున్న నాటి నుంచి చెరుకు బండి నా చేతికి వచ్చింది. నేను అప్పుడు పదో తరగతి. బడి ఎగ్గొట్టడానికి ఇంట్లోవాళ్ళే ఒప్పుకోవడం కన్నా సంతోషం ఆ వయసులో ఏముంటుంది? ఫ్యాక్టరీ ముందు చెరుకు తూచే కాంటా కోసం బండ్లు మైలు పొడవునా నిలబడేవి. మరాఠీ మాట్లాడే చెరుకు కోతవాళ్ళు బండ్ల పక్కన పొయ్యిలు పెట్టి రొట్టెలు కాల్చేవారు. మిర్చీల బండి, వేడి జిలేబీ. పెద్దవాళ్ళు నన్ను "ఏం పటేల్, మీ బండి నంబర్ ఎంత?" అని పలకరించేవారు. పదిహేనేళ్ళవాణ్ణి, పెద్ద రైతును పిలిచినట్టు పటేల్ అనేవారు! ఇల్లు చేరాక ఆ ముచ్చట్లన్నీ అన్నకు చెప్పేవాణ్ణి. పైకప్పు చూస్తూ వినేవాడు. ఒక్కసారి మాత్రం, "ఎడ్లకు నీళ్ళు తాపినవా?" అని అడిగాడు.

సీజన్ సగంలో ఒక మధ్యాహ్నం అన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"తమ్మీ, నేను గిట్లనే ఉంటే బిగుసుకపోత. పొద్దుగాల మెలకువయ్యేసరికి నడుముల సిమెంటు పోసినట్టున్నది. గట్టు మీద నడిస్తేనే అది ఇడుస్తది. నువ్వు రోజూ సూశినవ్ గద?"

"సూశిన."

"నేను చెప్తే బాపు నమ్ముతలేడు. నువ్వు చెప్పు. నా కండ్లతోటి సూశిన, నడిస్తే మంచిగైతడు, పండుకుంటే ఖరాబైతడు అని చెప్పు. నీ మాట ఇంటడు. రేపటి సంది మళ్ళ నేనే బండి కడ్త."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేదని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. వాకిట్లో బాపు బండి చక్రం విప్పి ఇరుసుకు ఆముదం రాస్తున్నాడు. మర్నాటికి మాకు చెరుకు తోలే వంతు వచ్చింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏందిరా?" అన్నాడు తల ఎత్తకుండా.

మాట గొంతుదాకా వచ్చింది. బాపు తల ఎత్తి నన్ను చూసి, ఎన్నడూ లేనిది, నవ్వాడు. "రేపు తెల్లెద్దును ఎడమ దిక్కు కట్టు. నువ్వు మంచిగ తోలుతున్నవంట, కాంటా కాడ అందరు అంటున్రు."

"సరే బాపూ" అన్నాను.

లోపలికి వచ్చాను. అన్న తల తిప్పలేక కళ్ళు మాత్రం నా వైపు తిప్పాడు.

"చెప్పిన. బాపు ఇనలే" అన్నాను.

"ఏమన్నడు?"

ఇక్కడితో ఆగినా సరిపోయేది. కానీ అబద్ధానికి ఆసరా కావాలి కదా. "పండుకొమ్మను, నకరాలు చెయ్యొద్దను అన్నడు" అన్నాను. అన్న ఆ తర్వాత గొళ్ళెం కొట్టడం మానేశాడు.

సీజన్ అయిపోయాక బాపు, అవ్వ చెరో రెక్క పట్టి ఆయనను లేపారు. లేచిన మనిషి మునుపటి మనిషి కాడు. నడుము ముందుకు ఒంగి ఉంది, మెడ సగమే తిరిగింది. ఆ వేసవంతా గట్టు మీద నడిచాడు, కానీ అప్పటినుంచి ఏడాదికి ఇంత చొప్పున భూమి వైపే పోయాడు. బాపుతో మాట తగ్గించాడు, తర్వాత అదీ మానేశాడు. పెళ్ళయ్యాక వేరుపడ్డాడు. అన్న ఎందుకు మాట్లాడడో బాపుకు చివరిదాకా అర్థం కాలేదు. ఒకసారి మా షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుని, "నేను వానికి ఏం తక్కువ చేసిన్రా? నా చేతుల్తోని మందు పెట్టిన" అని తన చేతులు చూసుకున్నాడు. నేను ఆయనకు చాయ్ తెప్పించాను. చాయ్ మాత్రమే తెప్పించాను. బాపు పోయిననాడు, ఇంకా ప్రాణం ఉండగానే, అందరూ నోట్లో తులసినీళ్ళు పోశారు. అన్న వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

ఇప్పుడు అన్నకు మనుషులు ముఖాలతో తెలియరు, పాదాలతో తెలుస్తారు. గడ్డం ఛాతీకి దగ్గరైంది. గ్లాసు ఎత్తి తాగలేడు, చాయ్ సాసర్లో పోసుకుంటాడు. వదినె నేల మీద అద్దం పెడితే దాంట్లో చూసుకుని గడ్డం గీసుకుంటాడు. బోధన్ బస్టాండులో బస్సు బోర్డు కనబడదు, పక్కవాణ్ణి అడగాలి. అడిగితే కొందరు ఆయనకు చదువు రాదనుకుంటారు. ఏడాదికోసారి కన్ను నిప్పుకణికలా ఎర్రబడేది. కండ్లకలక అనుకుని చుక్కలు వేసుకుని చీకటి గదిలో పడుకునేవాడు. గట్టు మీద నడుస్తుంటే కుర్రాళ్ళు, "లింబన్నా, ఏం పారేసుకున్నవే, ఎంకులాడుతున్నవ్?" అని ఏడిపిస్తారు. "నీ సిగ్గు పడిపోయిందంటరా, మీ అవ్వ ఎంకుమన్నది" అంటాడు అన్న. నోరు మాత్రం ఎన్నడూ వంగలేదు.

మానసను హైదరాబాద్ నుంచి వారానికోసారి నిజామాబాద్ వచ్చే కీళ్ళ డాక్టరమ్మకు చూపించాం. ఆమె పిల్లను మూడు సంగతులు అడిగింది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుందా, నడిస్తే తగ్గుతుందా, పడుకుంటే పెరుగుతుందా. మూడింటికీ మానస తలూపింది. చివరి ప్రశ్నకు దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరో ఎట్టకేలకు నమ్మారని. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? వెన్ను బిగుసుకుపోయి వంగినవాళ్ళు?" అంది.

"లేరు మేడం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ముప్పై ఏళ్ళ అలవాటు అనుకుంటాను.

"పెద్దబాపు లేడా డాడీ?" అంది మానస.

"అది చెరుకు మోసి వంగిన నడుమమ్మా" అన్నాను. డాక్టరమ్మ ఆయన వయసు, వంగిన తీరు, కన్ను ఎర్రబడటం, అన్నీ మానసనే అడిగి రాసుకుంది. ఇది వెన్నులో వాపు తెచ్చే కీళ్ళజబ్బు అని, రక్తంలో వస్తుందని, మోపులకూ దీనికీ సంబంధం లేదని చెప్పింది. లేచేముందు నేను అడిగాను, "ఇలాంటి మనిషిని నెలల తరబడి కదలకుండా పడుకోబెడితే ఏమవుతుంది మేడం?"

"బిగుసుకుపోతుంది. ఆయన అందువల్లే వంగిపోయాడని నేను చెప్పలేను. మందు లేకపోతే జబ్బు ఆ పని ఎలాగూ చేసి ఉండొచ్చు. కానీ ఆ నెలలు మాత్రం ఆయనకు నరకం. తగ్గే దారి తనకు తెలుసు, పోనివ్వరు."

ఆ జవాబులో మొదటి సగం పట్టుకుని బయటపడాలని చూశాను. కుదరలేదు. నేను చెప్పి ఉంటే అన్న నిటారుగా నిలబడేవాడో లేదో ఎవరికీ తెలియదు. బాపుతో మాట్లాడేవాడన్నది మాత్రం ఖాయం. ఏ సూదిమందూ తిరిగి ఇవ్వలేనిది అదే. మానస ఇప్పుడు మందు వేసుకుంటోంది, తెల్లారకముందే మేడ మీద వంగి లేచే కసరత్తులు చేస్తుంది. వాళ్ళమ్మ నీళ్ళు వేడి చేస్తుంది, గీజర్‌లో. అప్పటికీ ఇప్పటికీ మందు ఒక్కటే తేడా అనుకున్నాను. కాదు. అప్పుడు మా ఇంట్లో ఎవరూ అన్నను ఆ మూడు ప్రశ్నలు అడగలేదు. జవాబులు తెలిసిన నేను అక్కడే, పక్క మంచం మీదే ఉన్నాను.

డాక్టరమ్మను కలిసిన మర్నాడే మొదటి బస్సుకు ఊరికి వెళ్ళాను. దారిలో చెరుకు ఎక్కడో ఒక మడి తప్ప లేదు, అంతా వరి, సోయా. ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి పొగ లేదు, గాలిలో ఏ వాసనా లేదు. అన్న గట్టు మీద నడుస్తున్నాడు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"చెప్పులు కొత్తయి, నడక పాతదే" అన్నాడు. "ఏందిరా గింత పొద్దుగాల? షాపు బందా?"

మానస సంగతి చెప్పాను. అన్న ఆగిపోయాడు.

"పొద్దుగాల లేవరాదా బిడ్డకు?"

"రాదు."

"తిరిగితే ఇడుస్తదా?"

"ఇడుస్తది."

అన్న చేతికర్రతో గట్టు మట్టిని కాసేపు పొడిచాడు. "తమ్మీ, నా మాట ఇను. దాన్ని పండవెట్టకు. ఎవడు చెప్పినా సరే, పండవెట్టకు. బిడ్డ చెప్పేది నమ్ము. బాపు చేసినట్టు చెయ్యకు."

నిలబడి ఉంటే ఆయనకు నా కాళ్ళే కనబడతాయి. నేను గట్టు మీద, ఆయన కర్ర ముందు, మట్టిలో కూర్చుని ముఖం పైకెత్తాను. ఇప్పుడు ఆయన చూపు ఎక్కడికీ పోలేదు, నాదీ పోలేదు.

"బాపుకు నేను చెప్పలే అన్నా."

"ఏం చెప్పలే?"

"తలుపు మీద పండుకున్నప్పుడు నువ్వు పంపినవ్ గద, నడిస్తే మంచిగైతడని చెప్పుమని. నేను పోయి చెప్పలే. ఇనలేదని నీకు అబద్ధం చెప్పిన. నకరాలన్న మాట గూడ బాపు అనలే, నేనే పుట్టించిన."

"ఎందుకురా?"

"నువ్వు లేస్తే బండి నువ్వే తోలుతవని."

కాలువలో నీళ్ళు పోతున్నాయి. అన్న కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. "అయితే బాపుకు తెల్వదు."

"తెల్వదన్నా. నీకు మంచిగైతదనే మందు పెట్టిండు."

"నేను ఆయన నోట్ల నీళ్ళు పొయ్యకపోతిని గదరా."

ఆయన కన్నీళ్ళు చెంపల మీద నుంచి జారలేదు. వంగిన ముఖం లోంచి సూటిగా నా మోకాలి మీద పడ్డాయి. నేను రెండు చేతులతో ఆయన పాదాలు పట్టుకున్నాను.

"తప్పు నాదన్నా. నువ్వు పనిదొంగవు కాదని నాకు అప్పుడే ఎరుక, నేను రోజూ సూశిన. ఊరంత నవ్వుతుంటే నేను గూడ నవ్విన. నన్ను మాఫ్ చెయ్యుమని అడుగుతలే. నన్ను చెయ్యకున్నా సరే, బాపును మాఫ్ చెయ్యి."